పడవ మీద బార్బెక్యూ: చోటు చూడటం నుంచి బూడిద తీసే దాకా

హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నవారికి కొన్నాళ్లకు పెద్ద నీళ్ల మీదికి మనసు పోతుంది. నాగార్జునసాగర్ జలాశయం, సోమశిల దగ్గరి కృష్ణా వెనుక జలాలు, ఇంకా దూరమైతే విశాఖ, గోవా తీరాలు. రెండు మూడు కుటుంబాలు కలిసి క్యాబిన్ ఉన్న పడవను అద్దెకు తీసుకున్నప్పుడు, మధ్యాహ్నానికి పడవ మీదే కబాబులు కాల్చుకుందామా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. కాల్చుకోవచ్చు. అయితే ఇంటి డాబా మీద అలవాటైన పద్ధతి అక్కడ పనికిరాదు. డాబా మీద మంట ఎగసిపడితే దూరంగా జరుగుతాం. పడవ మీద దూరం అంటే నీళ్లే.

అందుకే ఈ విషయం అడిగిన ప్రతివారికీ నేను ఒకే వరుస చెబుతాను. ముందు చోటు, తరువాత ఇంధనం, ఆ తరువాతే పొయ్యి. మెరిసే పొయ్యి కొని తెచ్చుకుని, దాన్ని ఎక్కడ బిగించాలా అని పడవంతా వెతకడం తలకిందుల వ్యవహారం.

1. ఈ పడవ మీద పొయ్యి వెలిగించవచ్చా?

లేజర్, ఆప్టిమిస్ట్ వంటి చిన్న తెరచాప పడవల మీద, గాలి నింపిన రబ్బరు పడవల మీద వెలిగించకూడదు. ఒకరు కదిలితేనే ఊగిపోయే పడవలో నిప్పుకు చోటు లేదు. తాటాకు, వెదురు కప్పు ఉన్న పడవల మీద కూడా వద్దు. రెయిలింగు, కూర్చునే వెనుక భాగం ఉన్న క్యాబిన్ పడవలు, అడుగు వెడల్పుగా ఉండి స్థిరంగా నిలిచే పాంటూన్ పడవలు ఇందుకు తగినవి.

అద్దె పడవైతే యజమాని అనుమతిని కాగితం మీద తీసుకోండి. నోటిమాట మీద ఆధారపడితే, ఏదైనా జరిగినప్పుడు బీమా విషయంలో చిక్కు వస్తుంది.

నీళ్లు ఎవరివో కూడా ఆలోచించాలి. 1908 మూసీ వరద తరువాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ హైదరాబాద్ నగరానికి తాగునీరు ఇచ్చే చెరువులు. వాటి మీద, వాటి గట్ల మీద ఈ ఆలోచనే వద్దు. మన కుళాయిల్లోకి వచ్చే కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి వస్తున్నవే కాబట్టి అక్కడ కూడా ఒక చుక్క కొవ్వు గాని, చిటికెడు బూడిద గాని నీళ్లలో పడకుండా చూసుకోవాలి. శ్రీశైలం వెనుక జలాల ఒడ్డున చాలా భాగం పులుల అభయారణ్యం. పడవ దిగి అక్కడ మంట వేయడం నేరం.

2. చోటు

లంగరు వేసిన పడవ తన ముక్కును గాలికి ఎదురుగా తిప్పుకుంటుంది. అంటే గాలి ముందు నుంచి వెనక్కి వీస్తుంది. కాబట్టి పొయ్యిని పడవ వెనుక మూలన, రెయిలింగుకు బయటి వైపు నీళ్ల మీద వేలాడేలా బిగిస్తే పొగ, నిప్పురవ్వలు, వేడి అన్నీ పడవకు దూరంగా పోతాయి. గ్యాసు లీకైనా నీళ్ల మీదికే దిగుతుంది. పడవల వాళ్లు పొయ్యిని వెనుక రెయిలింగుకు తగిలించడానికి కారణం ఇదే.

జెట్టీకి కట్టిన పడవకు ఈ సూత్రం వర్తించదు. గాలి ఏ పక్క నుంచైనా రావచ్చు, పక్కన ఇంకొకరి పడవ ఉంటుంది. జెట్టీ దగ్గర పొయ్యి వెలిగించకపోవడమే మంచిది. పడవ నడుస్తున్నప్పుడు ఎట్టి పరిస్థితుల్లోనూ వెలిగించకూడదు.

వెనుక భాగంలో ఒక చిక్కు ఉంది. మన జలాశయాల్లో తిరిగే చాలా పడవలకు పెట్రోలు ఇంజను వెనుకే ఉంటుంది. ట్యాంకు, ట్యాంకులోని ఆవిరి బయటికి పోయే చిన్న గొట్టం కూడా అక్కడే ఉంటాయి. ఆ గొట్టం ఎక్కడ తెరుచుకుంటుందో వేలితో చూపించగలిగాకే పొయ్యికి చోటు నిర్ణయించండి. పొయ్యి దానికి ఎదురు మూలన, వీలైనంత దూరంగా ఉండాలి. అంత దూరం దొరకకపోతే ఆ పడవ మీద మంట వద్దు. డీజిల్ ఇంజను ఉన్న పడవలో ఈ భయం తక్కువే గాని, ఇంధనం నింపుతున్నప్పుడు పొయ్యి ఆర్పే ఉండాలనే నియమం రెండింటికీ ఒకటే.

తరువాత తల పైకెత్తి చూడండి. ఎండ కోసం కట్టిన గుడ్డ పందిరి, మడిచిన తెరచాప, నైలాను తాళ్లు అన్నీ కరిగిపోయే రకమే. ఇంకొక సంగతి చాలామందికి తట్టదు. ఒడ్డుకు వెళ్లిరావడానికి వెంట తెచ్చుకున్న రబ్బరు పడవను సాధారణంగా వెనుకే కడతాం, అది సరిగ్గా పొయ్యి కిందికి తేలుతూ వస్తుంది. ఒక్క నిప్పుకణిక పడితే దానికి చిల్లు ఖాయం. వంట మొదలు పెట్టే ముందు దాన్ని ముందు వైపుకో, గాలి వచ్చే పక్కకో మార్చి కట్టండి.

3. ఇంధనం: గ్యాసా, బొగ్గా, కరెంటా

గ్యాసు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. ఎల్పీజీలో ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. మొదటిది గాలి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు, రెండోది రెండు రెట్లు బరువు. ఇంట్లో లీకైతే తలుపులు, కిటికీలు తీస్తే నేల వెంట జారుతూ బయటికి పోతుంది. పడవకు కింద తలుపు లేదు. లీకైన గ్యాసు చెక్క సందుల్లోంచి దిగి పడవ అడుగున చేరి అక్కడే కూర్చుంటుంది. గాలిలో సుమారు 2 శాతం చేరితే చాలు, ఇంజను స్టార్ట్ చేసేటప్పుడు వచ్చే చిన్న మెరుపుకే పేలుతుంది. గ్యాసుకు కలిపే మెర్‌కాప్టన్ వాసన కూడా అడుగునే ఉండిపోయి పైన కూర్చున్నవారికి తెలియకపోవచ్చు.

కాబట్టి సిలిండరు ఎప్పుడూ పైన, ఆరుబయట, నిలువుగా, తాడుతో కట్టి ఉండాలి. దాన్ని అరలో పెట్టాల్సి వస్తే, ఆ అర అడుగున నేరుగా పడవ బయటికి తెరుచుకునే రంధ్రం ఉండాలి. క్యాబిన్ లోపల, సీట్ల కింద, సామాను గదిలో ఎక్కడా పెట్టకూడదు. ఖాళీ సిలిండరుకూ ఇదే నియమం.

ఏ సిలిండరు? ఇంట్లో వాడే 14.2 కిలోల ఎర్ర సిలిండరు పడవకు బరువు, పైగా అది ఇంటి వంటకే ఇచ్చినది. ఇండేన్ వారి 5 కిలోల ‘ఛోటూ’ చాలు. సాధారణంగా ఈ గ్రిల్లులకు ఉండే మూడు కిలోవాట్ల బర్నరు గంటకు సుమారు పావు కిలో గ్యాసు తీసుకుంటుంది, ఇక మీరే లెక్క వేసుకోండి. గల్లీ దుకాణాల్లో పెద్ద సిలిండరు నుంచి చిన్నదానిలోకి గ్యాసు పట్టి అమ్ముతారు. అది చట్టవిరుద్ధం. పైగా ఎంత నింపారో, లోపల ఆవిరికి ఎంత ఖాళీ మిగిల్చారో ఎవరికీ తెలియదు. అలాంటి సిలిండరు పడవ ఎక్కకూడదు.

క్యాంపింగ్ పొయ్యిల్లో పెట్టే చిన్న బ్యూటేన్ డబ్బాలు సులువుగా దొరుకుతాయి. వాటితో జాగ్రత్త పడాల్సింది రెండు చోట్ల. పొయ్యి కంటే పెద్ద పెనం పెడితే వేడి డబ్బా మీదికి మళ్లి అది పగలవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో నిలిపిన కారు డిక్కీలో వాటిని వదిలేయకూడదు. ఆ డబ్బాలను 50 డిగ్రీలకు మించిన వేడిలో ఉంచవద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది, మన ఎండకు మూసిన కారు ఆ హద్దు సులువుగా దాటుతుంది.

బొగ్గు రుచి వేరు, నేను కాదనను. గ్యాసులా పడవ అడుగుకు దిగి దాక్కోదు కూడా. కాని దానికి ఆర్పే మీట లేదు. వాతావరణం మారి వెంటనే లంగరు ఎత్తాల్సి వచ్చినా నిప్పులు మీతోనే ప్రయాణం చేస్తాయి. మనకు దొరికే తుమ్మ కర్ర బొగ్గు, అందులోనూ కాస్త చెమ్మగిల్లినది, చిటపటలాడుతూ రవ్వలు ఎగరేస్తుంది. పడవకు కొబ్బరి చిప్పల పొడితో అచ్చుపోసిన బొగ్గు దిమ్మెలు మేలు. అవి నిదానంగా, ఒకే తీరుగా కాలుతాయి. బొగ్గు ఎంచుకున్నవారు ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. కాలే బొగ్గు, ఆరిపోతున్న బొగ్గు కూడా కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతాయి. దానికి రంగు లేదు, వాసన లేదు. రాత్రి చలిగా ఉందని, పొయ్యి ఎలాగూ ఆరిపోయిందని క్యాబిన్‌లోకి తెచ్చి పెట్టుకుంటే నిద్రలోనే ప్రాణం పోతుంది.

కరెంటు గ్రిల్లుకు 1,500 వాట్లు కావాలి. 12 వోల్టుల పడవ బ్యాటరీ నుంచి తీస్తే అది 125 ఆంపియర్లు. కాబట్టి జెట్టీలో ప్లగ్గు ఉంటే తప్ప దాని మాట వద్దు.

పిల్లలతో వెళ్లేవారికి, మొదటిసారి ప్రయత్నించేవారికి నా సలహా గ్యాసే, అదీ రెయిలింగు బయట వేలాడే పొయ్యి. ఆపాలనుకున్న క్షణాన ఆగుతుంది.

4. పొయ్యి ఎంపిక

పడవల కోసమే చేసే మాగ్మా, డికిన్‌సన్ వంటి పొయ్యిలు ప్రధానంగా స్టీలువి. గ్రిల్లులకు వాడే స్టెయిన్‌లెస్‌లో మీకు ఎదురయ్యేవి 304, 316 రకాలు. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో అదనంగా 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుగాలికి తట్టుకునేది దానివల్లే. విశాఖకో గోవాకో తీసుకెళ్లేవారు 316కు డబ్బు పెట్టండి. జలాశయాల్లోనే తిరిగేవారికి 304 సరిపోతుంది. బేగంబజారులో మంచి స్టీలు పనివారున్నారు, పొయ్యి కింద పెట్టే ట్రే, గాలి అడ్డు రేకు వంటివి అక్కడ కొలత ఇచ్చి చేయించుకోవచ్చు. బర్నరు, వాల్వు, జెట్టు మాత్రం స్థానికంగా మార్పించవద్దు.

మూత తప్పనిసరి. గాలి ఆపేది అదే, మంట ఎగసినప్పుడు ఆర్పేది కూడా అదే. మూతకు గొళ్లెం ఉండాలి, లేకుంటే పక్కనుంచి ఒక మోటారు బోటు పోయిన అలకు తెరుచుకుంటుంది. జాలీ చుట్టూ ఎత్తు అంచు లేని పొయ్యి మీద తంగిడీ కబాబులు దొర్లి నీళ్లపాలవుతాయి.

బిగింపు కొనేముందు రెయిలింగు గొట్టం మందం కొలవండి. ఎక్కువ పడవలకు అది 22 లేదా 25 మిల్లీమీటర్లు. బిగించాక రెండు చేతులతో కిందికి లాగి, పక్కలకు తిప్పి చూడండి. పడవ చుట్టూ కట్టిన తీగకు పొయ్యి తగిలించడం అస్సలు కుదరదు, అది గట్టి ఆధారం కాదు. రెయిలింగు లేని పాంటూన్ పడవకు దక్షిణాఫ్రికాలో తయారైన కాబ్ వంటి పొయ్యి బాగుంటుంది. కొద్ది బొగ్గు దిమ్మెలతోనే పనిచేస్తుంది, బయటి తొట్టి చేతికి కాలదు. అయినా కింద స్టీలు ట్రే వేసి, పొయ్యిని దానికి కట్టాల్సిందే.

విదేశీ గ్రిల్లు తెప్పించుకునేవారికి ఒక హెచ్చరిక. అమెరికా పొయ్యిలు 454 గ్రాముల ప్రొపేన్ డబ్బాకు తగిన మరతో వస్తాయి. ఆ మరకు మన సిలిండరు పట్టదు. మన గృహ సిలిండరు రెగ్యులేటరు సుమారు 30 మిల్లీబార్ల ఒత్తిడితో గ్యాసు ఇస్తుంది. మీ పొయ్యి ఏ ఒత్తిడికి, ఏ గ్యాసుకు చేసిందో దాని అడుగున అతికించిన చీటీలో ఉంటుంది. రెండూ కలవకపోతే ఆ పొయ్యి కొనవద్దు. హోటళ్ల భట్టీలకు వాడే అధిక ఒత్తిడి రెగ్యులేటరు తెచ్చి సరిపెట్టడం మరీ ప్రమాదం.

గొట్టంగా లోపల తీగ అల్లిక ఉన్న నారింజ రంగు ‘సురక్ష’నే వాడండి. దాని మీద గడువు తేదీ ముద్రించి ఉంటుంది, ఐదేళ్లకు మార్చాలి. రాణిగంజ్ దుకాణాల్లో క్లిప్పులు కొనేటప్పుడు స్టెయిన్‌లెస్‌వే అడగండి.

5. ఇంట్లో ఒకసారి

ప్రయాణానికి వారం ముందు డాబా మీద మొత్తం అమర్చి వెలిగించండి. సబ్బు నీళ్లు కలిపి ప్రతి కలయిక దగ్గరా రాయండి, బుడగ లేస్తే లీకు ఉన్నట్టు. అగ్గిపుల్లతో లీకు వెతికే అలవాటు ఉన్నవారు దాన్ని ఇవాళే మానుకోండి. ఆ రోజే ఒక కోడి ముక్క కాల్చి ఎంతసేపు పడుతుందో చూసుకుంటే, పడవ మీద అంచనా తప్పదు. గాలి వల్ల అక్కడ ఇంకొంచెం ఎక్కువే పడుతుంది.

6. తిండి ఇంటి దగ్గరే సిద్ధం కావాలి

పడవ మీద కత్తిపీట పెట్టుకుని మాంసం కొట్టే చోటు, కడిగే నీళ్లు ఉండవు. కోయడం, నానబెట్టడం, ఊచలకు గుచ్చడం అన్నీ ఇంట్లోనే జరగాలి.

బోటీ కబాబు చేసేవారు మటన్‌ను ఎముక లేకుండా, అంగుళం ముక్కలుగా కోయించండి. పచ్చి బొప్పాయి ముద్ద, అల్లం వెల్లుల్లి, కారం, పెరుగు పట్టించండి. బొప్పాయిలోని పపైన్ మాంసపు పీచును కరిగిస్తుంది, అందుకే అది లేని ముక్క ఆ చిన్న మంట మీద తోలులా మిగులుతుంది. రాత్రంతా నానితే మాత్రం ముక్క పిండిలా విడిపోతుంది, రెండు మూడు గంటలు చాలు. మసాలాలో నూనె తగ్గించండి. కారే ప్రతి చుక్కా మంటను ఎగదోస్తుంది.

చేపల్లో కొరమీనుకు సాటి లేదు. ముళ్లు తక్కువ, కండ గట్టిది, జాలీకి అంటుకుని విరగదు. ముషీరాబాద్, రామ్‌నగర్ చేపల మార్కెట్లలో ఉదయాన్నే తీసుకుని అక్కడే శుభ్రం చేయించి, మంచు పెట్టెలో పెట్టుకోండి. రొయ్యలు పక్కకు రెండు మూడు నిమిషాల్లో అయిపోతాయి. శాకాహారులకు మొక్కజొన్న పొత్తులు, పనీర్, వంకాయ ఉన్నాయి, వాటిని ముందుగా కాల్చాకే జాలీ మీద మాంసం పెట్టడం మర్యాద.

చికెన్ సగం ఉడికించి, మిగతాది పడవ మీద కాల్చుదామనే ఆలోచన చేయవద్దు. సగం ఉడికిన మాంసం సూక్ష్మజీవులు పెరగడానికి అనువైన చోటు. పూర్తిగా ఉడికించి చల్లార్చి మంచులో పెట్టుకుని అక్కడ కాల్చుకోండి, లేదా పచ్చిదే తీసుకెళ్లండి. పెట్టెలో ఉష్ణోగ్రత 4 డిగ్రీలకు మించకూడదు, పచ్చి మాంసం అడుగున ఉండాలి.

పత్థర్ కా గోష్త్ అడిగేవారు మన ఊళ్లో తప్పకుండా ఉంటారు. దాన్ని గట్టు మీదికి వాయిదా వేయండి. కాలిన గ్రానైటు పలక పడవ ఊపుకు జారితే పట్టుకోవడానికి ఎవరి చేతులూ చాలవు.

7. వెలిగించడం, కాల్చడం

లంగరు గట్టిగా పట్టిందో లేదో చూసుకోండి. ఇంజను ఆపండి. అగ్నిమాపక సిలిండరు, తడిపిన మందపాటి గుడ్డ, బకెట్ నీళ్లు చేతికందేలా, అయితే పొయ్యికి అవతలి వైపు కాకుండా ఇవతలి వైపు పెట్టండి. పొయ్యి అంటుకుంటే మంట దాటి వాటిని అందుకోలేరు. కొవ్వు మంటకు నీళ్లు పోయకూడదు, మూత వేసి గ్యాసు ఆపాలి, లొంగకపోతే పొడి చల్లే సిలిండరు వాడాలి. బకెట్ నీళ్లు బయట పడిన నిప్పుకణికలకు.

మంట దగ్గర ఒక్కరే నిలబడాలి. లైఫ్ జాకెట్ వేసుకుని ఉండాలి, వేలాడే కొంగు, చున్నీ ఉండకూడదు, మద్యం తాగి ఉండకూడదు. పిల్లలు పడవ ముందు భాగంలో ఒక పెద్దవారితో కూర్చోవాలి.

గ్యాసు పొయ్యికి మూత తెరిచే వెలిగించాలి. మూసిన మూత కింద గ్యాసు చేరితే అంటుకున్నప్పుడు ముఖం మీదికి కొడుతుంది. అంటుకోకపోతే గ్యాసు ఆపి, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించండి. బొగ్గుకు పెట్రోలు, కిరోసిన్ తాకించవద్దు. బొగ్గు మీద బూడిద పూత కమ్మేదాకా, అంటే సుమారు అరగంట, ఓపిక పట్టండి.

రెండు పలకలుగా మూసుకునే జాలీ బుట్ట కొనుక్కోండి. చేప, పనీర్ అందులో బిగించి తిప్పితే పడవ ఎంత ఊగినా ఒక్క ముక్క జారదు. పట్టుకారుకు చిన్న తాడు కట్టి రెయిలింగుకు ముడివేయండి. మాటిమాటికీ మూత తీస్తే వేడి గాలికి పోతుంది. చికెన్ లోపల 74 డిగ్రీలు, చేప 63 డిగ్రీలు చేరాలి. సూది థర్మామీటరు ఉంటే సందేహం ఉండదు, లేకపోతే లావు ముక్కను చీల్చి చూడండి.

ఆకాశం మీద కూడా ఒక కన్ను ఉండాలి. హైదరాబాద్ చుట్టుపక్కల ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక నిమిషాల్లో ఈదురుగాలులు లేస్తాయి, జూన్ నుంచి వానాకాలపు పడమటి గాలి తెరచాపకు మంచిది గాని పొయ్యికి కాదు. జలాశయాలు నిండి, గాలి నెమ్మదించే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి అనువైన కాలం.

ఎవరికైనా చేయి కాలితే ఇరవై నిమిషాలు చల్లని శుభ్రమైన నీళ్లు ధారగా పోయాలి. చెరువు నీళ్లు, పసుపు, టూత్‌పేస్టు వద్దు. ఇందుకోసమే ఒక క్యాను తాగునీరు అదనంగా తీసుకెళ్లండి.

8. ఆర్పడం, శుభ్రం చేయడం

గ్యాసు పొయ్యిని ఆర్పేటప్పుడు ముందు సిలిండరు వాల్వు మూయాలి. గొట్టంలో మిగిలిన గ్యాసు కాలిపోయి మంట తనంతట ఆరుతుంది, అప్పుడు పొయ్యి మీట తిప్పండి. ఈ వరుస తిరగేస్తే గొట్టం నిండా గ్యాసు మిగిలి, ఏ చిన్న పగులులోంచైనా కారుతుంది.

బొగ్గు పొయ్యికి మూత, గాలి రంధ్రాలు మూసేసి వదిలేయండి. ఎర్రటి నిప్పుల మీద నీళ్లు పోస్తే వేడి ఆవిరి, బూడిద ముఖం మీదికి లేస్తాయి, రేకు వంకరపోతుంది. పైకి చల్లారినట్టు కనిపించినా లోపల నిప్పు మర్నాటిదాకా ఉండవచ్చు. బూడిదను మూత ఉన్న ఇనుప డబ్బాలోకి తీసి, ఆరుబయట ఉంచి, ఇంటికి తీసుకురండి.

జాలీ వెచ్చగా ఉండగానే గీకాలి. తీగ బ్రష్షు వద్దు, ఊడిన తీగ ముక్క జాలీకి అంటుకుని తిండిలోకి పోతుంది. సగానికి కోసిన ఉల్లిగడ్డను ఫోర్కుకు గుచ్చి రుద్దితే చాలావరకు వదులుతుంది. కొవ్వు ట్రేను కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని చెత్త సంచిలో కట్టేయండి. సముద్రం మీద వాడిన పొయ్యినైతే ఆ రాత్రే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి, 316 స్టీలైనా సరే.

నెలల తరబడి వాడకపోతే బర్నరు గొట్టంలో సాలీడు గూడు కట్టి మంట వెనక్కి తిరుగుతుంది. కొత్త కాలం మొదలయ్యే ముందు బర్నరు విప్పి, మెత్తని బ్రష్షుతో లోపల తుడిచి, గొట్టం మీద గడువు తేదీ చదివి, రెయిలింగు బిగింపు మరలన్నీ మళ్లీ బిగించి, సబ్బు నీళ్ల పరీక్ష ఇంకోసారి చేయండి.